ఆరుబయటి కొయ్య గది: పూత, రక్షణ

బ్రిటన్‌లో ఇంటి వెనక పెరట్లో, అసలు ఇంటికి అంటకుండా, చెక్కతో కట్టుకునే ఒంటి గదిని గార్డెన్ రూమ్, అంటే తోట గది, అంటారు. పనిముట్లు పడేసుకునే షెడ్డుకన్నా ఇది మెరుగైన కట్టడం. గోడల్లో చలిని ఆపే పొరలు, జోడు అద్దాల కిటికీలు, కరెంటు ఉంటాయి. చదువుకోవడానికి, సంగీత సాధనకు, బొమ్మలు వేసుకోవడానికి, ఆఫీసు పనికి వాడుకుంటారు. 2020లో కరోనా కారణంగా లక్షలాది మంది ఇంటి నుంచే పనిచేయాల్సి రావడంతో వీటికి గిరాకీ బాగా పెరిగింది. ఈ గది గోడలకు బయటివైపు బిగించిన చెక్క పలకలు ఏడాది పొడుగునా ఎండకు ఎండుతాయి, వానకు నానుతాయి. వాటిని కాపాడే పూతలు, కట్టుబడి పద్ధతులు, వాటి వెనకున్న శాస్త్రం ఈ వ్యాస విషయం.

ఇలాంటి గదులకు బ్రిటన్‌లో పాత చరిత్రే ఉంది. నాటకకర్త బెర్నార్డ్ షా హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని అయోట్ సెయింట్ లారెన్స్ గ్రామంలో తన తోట చివర ఒక చిన్న చెక్క గది కట్టించుకుని అందులో రాసుకునేవాడు. ఎండ ఎటు ఉంటే అటు తిప్పుకునేలా దాన్ని తిరిగే పీఠం మీద నిలబెట్టారు. నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కు ససెక్స్‌లోని రాడ్మెల్ గ్రామంలో అలాంటి చెక్క గదే ఉండేది. రెండింటినీ ఇప్పుడు సందర్శకులు చూడవచ్చు. హేస్టింగ్స్ సముద్రతీరంలో జాలరులు వలలు దాచుకోవడానికి కట్టుకున్న ఎత్తైన నల్లటి చెక్క కొట్లు ఇంకా నిలబడి ఉన్నాయి. ఉప్పు గాలిలో చెక్కకు పూత ఎంత అవసరమో చెప్పడానికి ఆ నల్ల గోడలను మించిన సాక్ష్యం లేదు.

ఇంగ్లండ్ నిబంధనలు ఈ గదుల ఆకారాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి, ఆకారం చెక్క ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఇంటి స్థలం సరిహద్దుకు 2 మీటర్ల లోపల కట్టే గది ఎత్తు 2.5 మీటర్లు మించకపోతే, మిగతా షరతులు కూడా కుదిరితే, ప్రత్యేకంగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. పెరళ్లు చిన్నవి కాబట్టి చాలామంది గదిని కంచె పక్కకే నెడతారు. ఎత్తు హద్దులో ఉండాలని కప్పును దాదాపు బల్లపరుపుగా వేస్తారు, చూరు బయటికి రాకుండా కత్తిరిస్తారు. దాంతో గోడ పైనుంచి కింది దాకా వాన తింటుంది. వెనక గోడకూ కంచెకూ నడుమ మనిషి దూరే సందు కూడా ఉండదు. అంటే ఆ గోడకు జీవితంలో ఒక్కసారే, అదీ నిలబెట్టక ముందే, పూత పడుతుంది. అనుమతి గొడవ తప్పిందని సంతోషించేవారు ఈ వెనక గోడ సంగతి ముందే ఆలోచించుకోవాలి. అక్కడ పూత అవసరం లేని కలపో, రేకో వేయడం మేలు.

చెక్క ఎందుకు చెడుతుంది

చెక్క అంటే ప్రధానంగా సెల్యులోజ్ పోగులు, వాటిని పట్టి ఉంచే హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలు. లిగ్నిన్ చెక్క బరువులో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను గట్టిగా పీల్చుకునేది ఇదే. పీల్చుకుని విరిగిపోయేదీ ఇదే. ఆ కిరణాలు మిల్లీమీటరులో పదో వంతు లోతుకైనా వెళ్లలేవు, కానీ చెక్క ముఖాన్ని పాడుచేయడానికి ఆ లోతు చాలు. కొత్త పలక మొదట పసుపు, గోధుమ ఛాయలకు తిరుగుతుంది. తర్వాత వాన పడినప్పుడల్లా విరిగిన లిగ్నిన్ కొట్టుకుపోతుంది. చివరికి తెల్లబారిన సెల్యులోజ్ పోగులు పైకి తేలతాయి, వాటి మీద నల్లటి బూజు సూక్ష్మంగా అల్లుకుంటుంది. దూరం నుంచి చూస్తే వెండి బూడిద రంగు. మెత్తని కలపల్లో ఈ అరుగుదల శతాబ్దానికి సుమారు 6 మిల్లీమీటర్లని శాస్త్రవేత్తల అంచనా. కాబట్టి బూడిద రంగు తిరిగిన పలక కుళ్లిన పలక కాదు. ఈ తేడా తెలియక గట్టి చెక్కను పీకి పారేసేవారు చాలామంది ఉన్నారు.

అసలు ప్రాణాంతకం నీరు. గాలిలోని తేమను బట్టి చెక్క నీటిని పీలుస్తుంది, వదులుతుంది. పీల్చినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుపోతుంది. పొడుగు దిశలో ఈ కదలిక లెక్కలోకి రానంత తక్కువ. వెడల్పులో మాత్రం 15 సెంటీమీటర్ల పలక చలికాలానికీ ఎండాకాలానికీ నడుమ ఒకటి రెండు మిల్లీమీటర్లు సాగి తగ్గుతుంది. దాని మీదున్న పూత కూడా అంతే సాగాలి, అంతే తగ్గాలి. సాగలేని పూతకు నెర్రెలు పడతాయి. నెర్రెలోంచి నీరు లోపలికి దిగుతుంది, దిగిన నీరు పూత కిందే చిక్కుకుపోతుంది.

చెక్కను తినే శిలీంధ్రాలకు తేమ కావాలి. చెక్క తడి దాని పొడి బరువులో సుమారు 20 శాతం లోపే ఉన్నంతకాలం అవి పెరగలేవు. కణాల గోడలు ఇక నీటిని పీల్చలేనంతగా నిండే స్థితి దాదాపు 28 నుంచి 30 శాతం దగ్గర వస్తుంది. ఆ స్థితి దాటి కొన్నాళ్లు నిలిస్తే కుళ్లు ఖాయం. అందుకే వాన చినుకు పడకుండా చూడటంకన్నా, పడిన చినుకు త్వరగా ఆరిపోయేలా చూడటం ముఖ్యం.

నీరు అన్ని వైపుల నుంచీ ఒకేలా లోపలికి రాదు. చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి ఆకు దాకా నీరు మోసిన సన్నటి గొట్టాలే చెక్క పోగులు. పలకను అడ్డంగా కోసిన చోట ఆ గొట్టాల నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. పలక ముఖం మీద కన్నా ఆ కోత కొసల్లో నీరు ఎన్నో రెట్లు వేగంగా ఎక్కుతుంది. పాత చెక్క గోడను పరీక్షించి చూడండి. కుళ్లు మొదలయ్యేది పలకల కింది కొసల్లో, కిటికీ మూలల్లో, మేకు దిగిన చోట, రెండు పలకలు కలిసే అతుకులో.

కట్టుబడిలోని రక్షణ

ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్ గ్రామంలో ఉన్న ఓక్ దుంగల చర్చి ఇంగ్లండ్‌లో నిలిచి ఉన్న అతి పాత చెక్క కట్టడంగా పేరు పొందింది. దాని దుంగలు 11వ శతాబ్దం నాటివి. నేలను ఆనుకున్న అడుగు భాగం మాత్రం కుళ్లిపోవడంతో 19వ శతాబ్దం మధ్యలో జరిగిన మరమ్మతులో ఆ కిందిభాగం కోసేసి, దుంగలను ఇటుక అరుగు మీద నిలబెట్టారు. పైభాగానికి వందల ఏళ్ల గాలివానలు ఏమీ చేయలేకపోయాయి. పాదాలు తడిలో ఉండటమే దాని జబ్బు.

తోట గదికీ అదే సూత్రం. కింది పలక నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. నేల మీద పడిన చినుకు చిందితే ఆ ఎత్తుదాకా మట్టితో కలిసి ఎగురుతుంది. గోడ పక్కన గచ్చు కన్నా గులకరాళ్లు పరిస్తే చిందు తగ్గుతుంది. పలకల వెనక నేరుగా గోడ ఉండకూడదు. నిలువు బద్దల మీద పలకలు కొట్టి, వెనక రెండు సెంటీమీటర్లకు పైగా ఖాళీ వదిలి, ఆ ఖాళీలోకి కింద గాలి దూరి పైన బయటికి పోయేలా దారి ఇవ్వాలి. ఆ ఖాళీ వెనక, నీటిని ఆపుతూ ఆవిరిని వదిలే పల్చని పొర ఒకటి బిగిస్తారు. పలకల సందుల్లోంచి దూరిన కొద్దిపాటి నీరు ఆ పొర మీదుగా జారి కిందికి పోతుంది. చూరు ఒక జానెడు ముందుకు వచ్చినా గోడ పైభాగం దాదాపు పొడిగా ఉంటుంది. కిటికీ కింది గట్టు అడుగున చిన్న గాడి తీస్తే, నీటి బొట్టు ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది, గోడ మీదికి పాకదు.

మేకుల విషయంలో పొదుపు పనికిరాదు. ఓక్, సెడార్ కలపల్లో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలిస్తే సిరా లాంటి నల్లటి చారలు కిందికి కారతాయి. మామూలు ఇనుప మేకు కొన్నాళ్లకే తుప్పు పట్టి చెక్కను కూడా పాడుచేస్తుంది. రాగి లవణాలతో శుద్ధి చేసిన కలప జింకు పూత మేకులను కూడా కొరుకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు, మరలు వాడితే ఈ బాధలన్నీ తప్పుతాయి.

పని వచ్చిన వడ్రంగి ఈ జాగ్రత్తలన్నీ తీసుకుంటే నాసిరకం పూత వేసిన గది కూడా బాగానే ఉంటుంది. ఇవి లేని గదిని ఎంత ఖరీదైన డబ్బా కొన్నా కాపాడలేం.

కలప

ఏ చెట్టుకైనా చేవే బలం. పై తెల్లచెక్కలో శిలీంధ్రాలను ఎదిరించే గుణం లేదు. ఐరోపాలో ఈఎన్ 350 అనే ప్రమాణం కలపలను ఐదు తరగతులుగా విభజిస్తుంది. ఒకటో తరగతి చాలా మన్నికైనది, ఐదోది మన్నిక లేనిది. టేకు చేవ ఒకటో తరగతికి చెందుతుంది. ఉత్తర అమెరికా నుంచి వచ్చే వెస్టర్న్ రెడ్ సెడార్ రెండోది. లార్చ్ మూడు, నాలుగు తరగతుల మధ్య ఉంటుంది. చవకగా దొరికే స్ప్రూస్ నాలుగోది. తోట గదులకు బ్రిటన్‌లో ఎక్కువగా సెడార్, సైబీరియన్ లార్చ్ వాడతారు. కలపనే మార్చేసే పద్ధతులు రెండు ఇటీవల ప్రాచుర్యంలోకి వచ్చాయి. ఫిన్లాండ్‌లో రూపుదిద్దుకున్న పద్ధతిలో పైన్, స్ప్రూస్ పలకలను సుమారు 185 నుంచి 215 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆవిరి మధ్య ఉడికిస్తారు. చెక్క నీరు పీల్చడం తగ్గుతుంది, కదలికా తగ్గుతుంది, కొంత పెళుసుగా మారుతుంది. రెండోది ఎసిటైలేషన్. చెక్క కణాల్లోని నీటిని ఆకర్షించే భాగాలను ఎసిటిక్ ఆన్‌హైడ్రైడ్‌తో మార్చేస్తారు. ఇలా తయారైన చెక్క మీద పూత కూడా ఎక్కువకాలం నిలుస్తుంది, ఎందుకంటే కింద ఉన్నది కదలదు.

తారు నుంచి ఆర్సెనిక్ దాకా

పూతల చరిత్ర ఉత్తర ఐరోపా అడవుల్లో మొదలవుతుంది. పైన్ చెట్ల మొదళ్లను గాలి చాలని గుంటల్లో నెమ్మదిగా కాల్చి తారు తీసేవారు. నార్వేలోని మధ్యయుగపు చెక్క చర్చిలలో 28 ఇప్పటికీ మిగిలాయి. 12వ శతాబ్దపు ఊర్నెస్, బోర్గుండ్ చర్చిలు వాటిలో ముఖ్యమైనవి. ఈ చర్చిలకు తరతరాలుగా తారు పూస్తూనే ఉన్నారు. ఎండాకాలంలో తారు మెత్తబడి కొత్త నెర్రెల్లోకి జారుతుంది. అది పెచ్చులుగా రాలదు, అరుగుతుంది. అరిగిన చోట మళ్లీ పూస్తారు. ఎనిమిది వందల ఏళ్ల చెక్క నిలవడానికి పూత ఎంత కారణమో, పూసే అలవాటు కూడా అంతే కారణం.

స్వీడన్‌లోని ఫాలున్ రాగి గని ఇంకో గొప్ప రంగును ఇచ్చింది. ఖనిజం తీశాక మిగిలిన ఇనుము నిండిన మట్టిని కాల్చి, నూరి, ఎర్రటి పొడి చేసేవారు. దాన్ని నీళ్లలో పిండి, ఇనుప సల్ఫేటు, కొంచెం అవిసెగింజల నూనె కలిపి గంజిలా ఉడికిస్తే ఫాలు ఎరుపు సిద్ధం. స్వీడన్ పల్లెల ఎర్ర ఇళ్లన్నీ దాని చలవే. ఈ రంగు చెక్క మీద పొరలా అంటుకోదు. నీటి ఆవిరి దాని గుండా సులువుగా పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పొడిలా రాలుతుంది, అంతే. మళ్లీ వేయాలంటే వదులు పొడిని బ్రష్షుతో దులిపితే చాలు. గని 1992లో మూతపడింది, 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రంగు మాత్రం ఇప్పటికీ తయారవుతోంది.

జపాన్‌లో సుగి అనే చెట్టు పలకల ముఖాన్ని మంటతో మసి చేసే యాకిసుగి పద్ధతి ఉంది. ఆ నల్లటి బొగ్గుపొర ఎండను ఆపుతుంది, శిలీంధ్రాలకు తిండి కాదు. ఈమధ్య యూరపు తోట గదుల్లో ఇది బాగా కనిపిస్తోంది. అయితే పైపైన కాల్చి, బొగ్గును తోమేసి, నూనె రాసి అమ్మే పలకల్లో అసలు పద్ధతి బలం ఉండదు. కొనేవారు పొర మందాన్ని అడిగి తెలుసుకోవాలి.

పారిశ్రామిక యుగంలో రైలు స్లీపర్లు, టెలిగ్రాఫ్ స్తంభాలు లక్షల్లో అవసరమయ్యాయి. 1838లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ బెథెల్ ఒక పేటెంటు తీసుకున్నాడు. చెక్కను ఇనుప సిలిండరులో మూసి, లోపలి గాలి లాగేసి, బొగ్గు తారు నుంచి తీసిన క్రియోసోటును ఒత్తిడితో ఎక్కించడం ఆయన పద్ధతి. పూత నుంచి శుద్ధికి మారిన మలుపు అది. మందు పైముఖం దాటి కణాల లోతుకు చేరింది.

ఈ చరిత్రలో తెలుగువారు గుర్తుంచుకోవలసిన పేరు శొంఠి కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో ఆయన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని రూపొందించారు. రాగి శిలీంధ్రాలను ఆపుతుంది. ఆర్సెనిక్ పురుగుల సంగతి, రాగికి లొంగని శిలీంధ్రాల సంగతి చూసుకుంటుంది. అప్పటివరకూ ఇలాంటి లవణాలతో వచ్చిన చిక్కు ఒకటే, వాన వాటిని కడిగేసేది. క్రోమియం చేరిస్తే అవి చెక్క పోగులకు గట్టిగా పట్టుకుని నీటిలో కరగకుండా ఉంటాయని కామేశం కనిపెట్టారు. ఆర్సెనిక్, రాగి రసాయన సంకేతాలు కలిపి ఆ మిశ్రమానికి ఆస్క్యూ అని పేరు పెట్టారు. 1938లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. తర్వాత సీసీఏ అనే పేరుతో అది 20వ శతాబ్దంలో ప్రపంచమంతటా అతి విస్తారంగా వాడిన కలప మందు అయింది. కోట్లాది కంచెలు, స్తంభాలు, ఇళ్ల వెనక డెక్కులు దానితో శుద్ధి అయినవే. ఎన్నో అడవులు గొడ్డలికి బలికాకుండా ఆగాయంటే అందులో కామేశం వాటా ఉంది. అంతటి పనిచేసిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనబడాలి.

ఆర్సెనిక్ విషం కాబట్టి ఇళ్ల వాడకంలో దీనికి తెరపడింది. అమెరికాలో 2003 చివరితో ఇళ్లకు వాడే కలపలో దీని తయారీ ఆగింది. 2004లో యూరోపియన్ యూనియన్ కూడా కట్టడి చేసింది. మామూలు కొనుగోలుదారులకు క్రియోసోటు అమ్మకం బ్రిటన్‌లో 2003లో ఆగిపోయింది. వాటి స్థానంలో రాగిని సేంద్రియ మందులతో కలిపిన మిశ్రమాలు వచ్చాయి. ఒత్తిడితో శుద్ధి చేసిన పలకకు ఉండే పచ్చని ఛాయ ఆ రాగిదే. ఈ శుద్ధి కుళ్లును ఆపుతుంది గానీ ఎండను ఆపదు, చెక్క ఉబ్బడాన్నీ ఆపదు. శుద్ధి చేసిన చెక్కకు కూడా పూత ఉంటేనే మంచిది. ఆ పలకను సైటు మీద కోస్తే, కోసిన కొసకు మందు మళ్లీ పూయాలి, ఎందుకంటే మందు చెక్క నడిగర్భందాకా చేరి ఉండదు.

నేటి పూతలు, అవి చెడే తీరు

దుకాణంలో డబ్బా మీద ఎన్నేళ్లు నిలుస్తుందో రాస్తారు. కొనేవారు అడగాల్సిన ప్రశ్న వేరు: చెడినప్పుడు ఇది ఎలా చెడుతుంది? పూతలన్నీ ఏదో ఒకనాడు చెడతాయి. అరిగి చెడేదానికి మళ్లీ పూస్తే సరిపోతుంది. పెచ్చులూడి చెడేదాన్ని మొత్తం గోకి తీయాలి. ఆ గోకుడు పని మొదటిసారి పూయడానికి పట్టిన శ్రమను ఎన్నో రెట్లు మించుతుంది.

రంగులేని వార్నిష్ ఈ లెక్కలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. చూడటానికి అద్దంలా మెరుస్తుంది. కానీ పారదర్శకం కాబట్టి ఎండ దాని గుండా సూటిగా చెక్కకు తగులుతుంది. వార్నిష్ బాగానే ఉంటుంది, దాని కింద లిగ్నిన్ విరిగిపోతుంది, పట్టు తప్పి పొర మొత్తం లేస్తుంది. అతినీలలోహిత కిరణాలను పీల్చే రసాయనాలు కలిపిన వార్నిష్‌లు కొంచెం ఆలస్యం చేస్తాయి, ఆపలేవు. పడవలకు వార్నిష్ వేసేవారు ఏటా గరుకు కాగితంతో రుద్ది కొత్త కోట్లు వేస్తూనే ఉంటారు. తోట గది గోడకు అంత ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి దక్షిణం వైపు గోడకు రంగులేని వార్నిష్ వేయకపోవడమే మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నూనెలు దానికి పూర్తిగా వ్యతిరేకం. అవిసెగింజల నూనె, టంగ్ నూనె లాంటివి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి. చెక్కలోకి దిగుతాయి, పైన పొర కట్టవు కాబట్టి పెచ్చులూడవు. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ రాయాలి. ఒట్టి అవిసె నూనె బూజుకు తిండి కూడా. బూజును ఆపే మందు కలపని నూనె రాస్తే, తేమ ఎక్కువున్న బ్రిటన్ చలికాలంలో గోడ నల్ల మచ్చలు తేలుతుంది. చెక్క అందం అచ్చంగా కనబడాలనుకునేవారికి, ఏటా ఒక సెలవు రోజు దానికి ఇవ్వగలిగినవారికి నూనె తగినది.

ఈ రెంటికీ నడుమ ఉన్నవి స్టెయిన్లు. నూనెలోనో నీటిలో కలిసే రెసిన్‌లోనో రంగుపొడి కలిపినవివి. ఇక్కడ రంగు అలంకారం కోసమే కాదు. అతి సన్నగా నూరిన ఐరన్ ఆక్సైడ్ అతినీలలోహిత కిరణాలను పీల్చి చెక్క దాకా పోనీయదు. ఎరుపు, గోధుమ, నలుపు ఛాయల స్టెయిన్ లేత ఛాయకన్నా ఎక్కువ ఏళ్లు నిలవడానికి కారణం ఇదే. పల్చని స్టెయిన్ అరుగుతూ చెడుతుంది, మందపాటి స్టెయిన్ పొరలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లకు మళ్లీ పూయాలి. తోట గది పలకలకు ఎక్కువ సందర్భాల్లో నప్పేది పల్చగా, రంగు గట్టిగా ఉన్న స్టెయినే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ముదురు రంగు ఎండలో బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి పైన్, లార్చ్ ముడులలోంచి బంక కరిగి బయటికి కారుతుంది. పలకలు వంకర తిరిగే ప్రమాదమూ ఉంది.

చెక్క చారలు కనబడకుండా కప్పే రంగు ఎండను పూర్తిగా ఆపుతుంది. ఆవిరిని వదిలే, సాగే గుణమున్న నీటి ఆధారిత రంగు మంచి కట్టుబడి మీద ఎనిమిదేళ్ల దాకా రావచ్చు. కొసల నుంచి నీరు దూరితే మాత్రం అది కూడా పెచ్చులూడుతుంది. ఈ రంగు కింద ముడులకు ముందుగా లక్క ద్రావణం పూస్తారు. ముడిలోని బంక, గోధుమ మరక రంగులోంచి పైకి తేలకుండా లక్క ఆపుతుంది. ఆ లక్కలో అధిక భాగం భారతదేశం నుంచి, ముఖ్యంగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో లక్కపురుగుల నుంచి వస్తుంది. ఇంగ్లండ్ పెరటి గోడ మీది తెల్లరంగు కింద మన అడవి సరుకు ఉంటుందన్నమాట.

ఏ పూతా వేయకపోవడం కూడా ఒక పద్ధతే. సెడార్, లార్చ్, ఓక్ చేవలను వదిలేస్తే బూడిద రంగుకు తిరిగి దశాబ్దాలు నిలుస్తాయి. చూరు కింద గోధుమ రంగు, వాన పడే చోట వెండి రంగు, కిటికీ కింద చారలు, ఇలా ఎగుడుదిగుడుగా మారే రూపాన్ని ఒప్పుకోగలగాలి.

పూసే పని

బ్రిటన్‌లో ఈ పనికి ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు దాకా వీలు. చెక్క తడి 18 శాతం లోపే ఉండాలి. రెండు సూదులున్న తేమ మీటరు గుచ్చితే తెలుస్తుంది. గాలి వేడి 8 డిగ్రీలకన్నా తగ్గితే నీటి ఆధారిత పూతలు సరిగా కట్టవు. మండే ఎండలో నేరుగా పూస్తే పైపొర తొందరగా ఆరి కింద పచ్చిగా మిగులుతుంది. అందుకే నీడ వెంట నడుస్తూ పూయడం పనివాళ్ల పద్ధతి: పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ.

కొత్త పలకను పూత లేకుండా ఎండలో కొన్ని వారాలు ఉంచినా పూత పట్టు తగ్గుతుందని అమెరికాలోని మాడిసన్‌లో ఉన్న ఫారెస్ట్ ప్రాడక్ట్స్ లేబొరేటరీ పరీక్షల్లో తేలింది. కాబట్టి పలకలను బిగించక ముందే ఒక కోటు వేయాలి. ముందు, వెనక, అంచులు, కొసలు అన్నీ తడవాలి. కొసలకు రెండు మూడు సార్లు, చెక్క ఇక పీల్చనన్నంత దాకా. ఈ ఒక్క పని ఆయుష్షును పెంచినంతగా మరేదీ పెంచదు. బిగించాక చేస్తే కొసలు అందవు.

పాత గోడకైతే ముందు కడగడం. సోడియం పెర్‌కార్బొనేట్ కలిపిన నీళ్లు బూజును, బూడిద పొరను తీస్తాయి. ఇనుప మరకలకు ఆక్సాలిక్ ఆమ్లం. ఇది విషం కాబట్టి చేతులకు తొడుగులు వేసుకుని, తర్వాత నీళ్లతో బాగా కడగాలి. అధిక పీడనంతో నీరు చిమ్మే యంత్రం మెత్తని చెక్క పోగులను చీల్చి, పలకల వెనక్కి నీరు దూరుస్తుంది. బ్రష్షూ ఓపికా నయం. 80 నుంచి 100 నంబరు గరుకు కాగితంతో చారల దిశలోనే రుద్దాలి. మరీ నున్నగా చేస్తే స్టెయిన్ లోపలికి దిగదు. 1960లకు ముందు వేసిన రంగు ఉన్న గోడలో సీసం ఉండవచ్చు. దాన్ని పొడిగా రుద్దకూడదు.

పూత పల్చగా రెండు కోట్లు, మందంగా ఒక్క కోటు కన్నా మేలు. రోలరుతో, స్ప్రేతో వేసినా ఆ వెంటనే బ్రష్షుతో చెక్కలోకి రుద్దాలి. ఒక పలకను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆపకుండా పూర్తి చేయాలి. మధ్యలో ఆపితే అతుకు గీత శాశ్వతంగా కనబడుతుంది. ఎండే నూనెలు రాసిన గుడ్డలను కుప్పగా పడేస్తే, ఆక్సిజన్‌తో కలిసే క్రమంలో పుట్టే వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకుంటాయి. ఇళ్లు తగలబడిన సందర్భాలున్నాయి. గుడ్డలను విప్పి ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టాలి. చేపల కొలను పక్కన శిలీంధ్రనాశినులు వాడేటప్పుడు ఒక్క చుక్క కూడా నీటిలో పడకుండా చూడాలి. పాత షెడ్డు చూరులో గబ్బిలాలు కాపురం ఉంటే, బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం వాటికి రక్షణ ఇస్తుంది. నిపుణుల సలహా లేకుండా అక్కడ మందు కొట్టడం నేరం కావచ్చు.

మళ్లీ ఎప్పుడు పూయాలో క్యాలెండరు చెప్పదు, గోడే చెబుతుంది. నీళ్లు చల్లినప్పుడు బొట్లుగా నిలిస్తే పూత పనిచేస్తోంది. నిమిషంలోపే పీల్చుకుని మచ్చ ముదురైతే సమయం వచ్చినట్లు. దక్షిణ, పడమటి గోడలు ముందుగా అడుగుతాయి, ఉత్తరపు గోడ ఎంతో ఆలస్యంగా. నాలుగు గోడలకూ ఒకేసారి పూయాలన్న నియమం పెట్టుకుంటే ఒక గోడకు ఆలస్యం అవుతుంది, ఇంకో గోడ మీద అవసరం లేని పొరలు పేరుకుంటాయి.

తెలుగు నేలలో, తెలుగువారి ఇళ్లలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చెక్క గోడల గదులు తక్కువే. బయట ఉండే చెక్క ఎక్కువగా గుమ్మాలు, తలుపులు, ఉయ్యాల స్తంభాలు, ఈమధ్య మేడ మీద వేసుకునే పందిళ్లు. ఇక్కడి ఎండ ఇంగ్లండ్ ఎండకన్నా ఎంతో తీవ్రం, కాబట్టి పడమటి వాకిలి టేకు తలుపు మీద మెరిసే పాలిష్ త్వరగా పెచ్చులూడుతుంది. అక్కడ రంగు కలిపిన స్టెయిన్ గానీ, ఏటా నూనె పట్టించడం గానీ నయం. శిలీంధ్రాలకన్నా మనకు పెద్ద శత్రువు చెద. చెద నేలలోంచి వస్తుంది, పూతలు దాన్ని ఆపవు. స్తంభాన్ని నేలలో పాతకుండా కాంక్రీటు దిమ్మ మీద లోహపు పట్టీతో నిలబెట్టడం, పునాది దగ్గర చెదమందు వేయించడం తప్పనిసరి. కోస్తాలో ఈశాన్య రుతుపవనాలు, తుఫానులు ముగిశాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెక్క ఆరి ఉంటుంది. పూత పనికి అదే అదను.

అమెరికాలో తెలుగు కుటుంబాలు కొనే పాత ఇళ్ల వెనక డెక్కు 2004కు ముందు కట్టినదైతే, దాని చెక్క కామేశం సూత్రంతో శుద్ధి అయినదే కావచ్చు. దాన్ని గరుకు కాగితంతో రుద్దకూడదు, పీడనపు నీటితో కడగకూడదు, పిల్లలు దాని కింది మట్టిలో ఆడుకోకూడదు. నూనె ఆధారిత, చెక్కలోకి దిగే స్టెయిన్‌ను ఏడాదికో రెండేళ్లకో పూస్తూ ఉంటే ఆర్సెనిక్ బయటికి రావడం తగ్గుతుందని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అధ్యయనాలు చెప్పాయి. ఊడదీసిన పలకలను పొయ్యిలోనూ చలిమంటలోనూ కాల్చకూడదు. ఆర్సెనిక్ కొంత పొగలో పోతుంది, మిగిలినది బూడిదలో చిక్కబడుతుంది. ఆ బూడిదను మొక్కలకు వేయకూడదు. అలాంటి కలపను ఊరి చెత్త సేకరణ నియమాల ప్రకారం విడిగా అప్పగించాలి.